బ్రీడింగ్ గదిలో ఎర్ర పుంజు

ఏడెనిమిదేళ్ల కిందట, చెరుకు నరికే రోజుల్లో, పశువైద్యురాలినైన నన్ను నిజామాబాద్ నుంచి బోధన్ దగ్గరి ఒక కోళ్ల ఫారానికి బ్రీడింగ్ అధికారిగా బదిలీ చేశారు. ఎక్కువ గుడ్లు పెట్టే పెరటి కోళ్ల సంతతిని తయారుచేయడం నా పని.

పుంజు గుడ్లు పెట్టదు కదా. దాని విలువ తెలియాలంటే మునుపు దాని కూతుళ్లు పెరిగి గుడ్లు పెట్టేదాకా ఆగాల్సి వచ్చేది. జన్యు పరీక్ష వచ్చాక, పిల్లగా ఉన్నప్పుడే రెక్క నరం నుంచి చుక్క రక్తం తీసి హైదరాబాద్ ల్యాబ్‌కు పంపితే అంచనా దొరుకుతోంది. ఆ అంచనాలో మొదట నిలిచింది ఒక బక్క బూడిదరంగు పుంజు. నా పైఅధికారి, ఫారం సూపరింటెండెంట్, దాన్ని చూసి మొహం చిట్లించారు.

"గింత బక్కదాన్ని పెడితే రైతులు నవ్వరా డాక్టరమ్మా? గా ఎర్రదాన్ని చూడు, ఎట్లున్నదో!"

ఎర్ర పుంజు అందగాడే. గుడ్ల అంచనాలో మాత్రం అట్టడుగున ఉంది. వారం వారం ఆయనది అదే మాట, నాది అదే జవాబు. చివరికి బూడిద పుంజునే బ్రీడింగ్ గదిలో పెట్టలతో కలిపి పెట్టించి, శిక్షణ కోసం హైదరాబాద్ వెళ్లాను.

తిరిగొచ్చాక, కొత్తగా పొదిగించిన పిల్లల రక్తం ల్యాబ్‌కు పంపాను. ఫలితం చూసి తల పట్టుకున్నాను. చాలా పిల్లలకు తండ్రి ఎర్ర పుంజు! మేత వేసే గంగామణిని పిలిచి అడిగాను.

"పెద్దసారే తెచ్చి ఇడిసిండు మేడం. నేను వద్దంటే ఇంటడా?" అంది.

సూపరింటెండెంట్ కాదనలేదు. "డీఎన్ఏ అంటే పోలీసోళ్ల ముచ్చట. కోళ్లకెందుకమ్మా? పిల్లలు మంచిగున్నయి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టు" అన్నారు.

పెడితే ఆ పిల్లలే రేపు ఊళ్లకు పంచే కోళ్లన్నిటికీ తల్లిదండ్రులవుతాయి. పెట్టనన్నాను. ఆయన పైకి ఫిర్యాదు చేశారు. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ల్యాబ్ ఫలితాలు జతచేసి జవాబిచ్చాను. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. చివరికి, ఆ పిల్లలను సంతతి నుంచి తీసేసి మామూలు పెంపకానికి పంచేయమని ఉత్తర్వు వచ్చింది.

చందూర్ ఊళ్లో పంచిన రోజు ఒక అవ్వ, ఆ పిల్లల్లోంచి పెరిగిన ఒక ఎర్ర పుంజును చంకన పెట్టుకుని, "ఎంత సక్కగున్నది బిడ్డా!" అని మురిసిపోయింది. సూపరింటెండెంట్ నా వైపు తిరిగి "చూసినవా?" అన్నారు.

బూడిద పుంజుతో మళ్లీ మొదలుపెట్టాం. అప్పటికది ముదిరింది. కొద్ది పిల్లలే దక్కాయి.

తర్వాత నేను పనిచేసిన ప్రతి ఫారంలో బ్రీడింగ్ గది తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. జరిగిన తప్పును జన్యు పరీక్ష కచ్చితంగా చూపిస్తుంది. జరగకుండా ఆపాల్సింది తాళమే.