ఇద్దరూ ఇక్కడ

నిన్న సాయంత్రం పక్కవాటాలో అద్దెకుంటున్న వాళ్ల పాప లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చింది. రెండు నాణేలు ఒకేసారి ఎగరేస్తే వచ్చే పర్యవసానాలన్నీ రాయమని ప్రశ్న. తను మూడే రాసింది: రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు. లెక్కల టీచరుగా రిటైరైనా నా నోరు ఊరుకోదు కదా, "ఇంకోటి వదిలేశావే" అన్నాను. ఆ మాట అంటుండగానే సరిగ్గా ఇదే తప్పు చేసిన మనిషి గుర్తొచ్చాడు. మా బాబాయి.

బాబాయంటే మా నాన్నకి పినతల్లి కొడుకు. వయసులో నాకంటే బాగా చిన్న. వరసలో పెద్ద కాబట్టి నేను బాబాయ్ అనాలి, టీచర్ని కాబట్టి తను నన్ను అండీ అనాలి. రాజోలు దగ్గర ఒక కాలేజీలో రోజుకూలీ మీద అటెండరు. పది పాసైతే పర్మినెంటు చేస్తామన్నారు. పిన్ని మస్కట్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరి అప్పటికి చాలా కాలమైంది. "నువ్వు పర్మినెంటవ్వు, ఆ నెల్లోనే నేనొచ్చేత్తాను" అని ఫోన్లో మాటిచ్చింది. మిగతా సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కాయి గానీ, లెక్కలు మాత్రం ఆయన్ని పట్టుకుని వదల్లేదు. అందుకని ప్రతి ఆదివారం చర్చి అవగానే, ఇస్త్రీ చొక్కా కూడా విప్పకుండా, బస్సెక్కి అమలాపురం మా ఇంటికి వచ్చేవాడు. దారిలో నాకోసం పొట్టిక్కలు కట్టించుకుని తెచ్చేవాడు. పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీపిండి వాసన గేటు తియ్యకముందే వరండాలోకి వచ్చేది.

త్రికోణమితి జోలికి వెళ్లొద్దని నేనే తీర్మానించాను. సంభావ్యత సులువు, మార్కులు చేతికందుతాయి అనుకున్నాను. అక్కడ మాటలే అడ్డం పడతాయని నాకేం తెలుసు? "పర్యవసానవంటే చెడ్డదే కదండీ. తాగితే పర్యవసానం ఇలాగుంటాదని మా పాస్టరుగారు ప్రతివారం చెప్తారు. మరి అనుకూల పర్యవసానవేంటండీ?" అన్నాడు. ఘటన దగ్గర ఇంకా మొండికేశాడు. "బస్సు కాలవలో పడితే ఘటన. పాచిక మీద ఆరు పడితే ఘటనేంటండీ, ఎవరికేం జరిగిందని?" ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. జరగడానికి వీలున్నవన్నీ ఏదీ వదలకుండా రాయి, అందులోంచి వాళ్లడిగినవి ఏరుకో, అదే ఘటన, అంతకుమించి ఆలోచించకు అన్నాను. ఆయ్, అన్నాడు.

రెండు నాణేల దగ్గర ఈ పాపలాగే మూడే రాశాడు. ఏది బొమ్మయితే ఏం, ఏది బొరుసైతే ఏం, రెండూ ఒకటే కదండీ అంటాడు. ఎన్ని విధాల చెప్పినా ఎక్కలేదు. విసుగెత్తి, "నువ్విక్కడ, పిన్ని మస్కట్‌లో. పిన్ని ఇక్కడ, నువ్వు మస్కట్‌లో. ఈ రెండూ ఒకటేనా బాబాయ్?" అనేశాను. కలం ఆగిపోయింది. "ఒకటి కాదండి" అన్నాడు మెల్లిగా. ఆ తర్వాత ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. పుస్తకంలో బొమ్మ బొరుసులు మానేసి నాలుగు వరసలు రాసుకునేవాడు: ఇద్దరూ ఇక్కడ, నేనిక్కడ తనక్కడ, తనిక్కడ నేనక్కడ, ఇద్దరూ అక్కడ. మొదటిదాని కింద గీత గీసి, "అనుకూలం ఇదేనండి" అనేవాడు.

పరీక్షలు దగ్గర పడుతుండగా పిన్ని ఫోను ఆగిపోయింది. వారం చూశాడు, నెల చూశాడు. పంపించిన ఏజెంటు, కంగారు పడకండి, కనుక్కుంటాను అనడమే తప్ప కనుక్కున్నది లేదు. ఆ ఆదివారం బాబాయి పుస్తకం తెరవలేదు. వేళ్లు ముడుస్తూ మొదలెట్టాడు. "ఫోను పాడైపోయుండాలి. లేపోతే రీఛార్జి అయిపోయుండాలి. లేపోతే ఆ మేడం లాగేసుకునుండాలి. లేపోతే ఇల్లు మారేరు." చిటికెనవేలు ఒక్కటీ ముడవకుండా నా మొహంలోకి చూశాడు. "అన్నీ వచ్చేసేయాండీ?"

ఏదీ వదలకూడదని పిల్లల్ని బెత్తంతో బెదిరించినదాన్ని. ఆయన వదిలేసినదేమిటో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. "అన్నీ వచ్చేశాయి బాబాయ్" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. లోపలికెళ్లి టీ పెట్టాను. అంతకంటే చెయ్యగలిగిందేమీ లేదు.

పరీక్ష రాశాడు, పాసయ్యాడు. ఆ సంవత్సరమే పర్మినెంటూ అయ్యాడు. ఆ తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం, నా ఎదురుగానే, తెలియని నంబరు నుంచి పిన్ని ఫోను చేసింది. బతికే ఉంది. ఇల్లు మారింది, ఫోను లాక్కున్నారు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. "పాసయ్యేను, పర్మినెంటయ్యేను, వచ్చెయ్యి" అని బాబాయి అరిచాడు. అవతల ఏడుపు వినపడింది. "సంతోషవయ్యా. నాకు రావాలనే ఉంది, వీళ్లు పంపట్లేదు" అంది. లైను పోయింది. బాబాయి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఇప్పుడేం చెయ్యాలండీ అన్నట్టు నావైపు చూశాడు.

అర్జీలు పెట్టాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. తనిప్పటికీ అక్కడే ఉంది, వీలైనప్పుడు ఫోను చేస్తుంది, వచ్చే ఏడు పంపుతామన్నారని ప్రతి ఏడూ చెబుతుంది. ఏమేం జరగొచ్చో పిల్లలకి అంత కాలం చెప్పాను గానీ, ఎప్పుడు జరుగుతుందన్న మాట ఆ పాఠంలో ఎక్కడా లేదు. అది తెలియకుండానే బాబాయి తల ముగ్గుబుట్టయిపోయింది.