ఫినాయిలక్క నాడి పుస్తకం

ఆరంతస్తుల ఆఫీసులో మెట్లు కడిగే ఆమెను అందరూ ఫినాయిలక్క అనే పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా కడుగుతున్నా, మూలల్లో ఉమ్మిన మరకలు చూస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "చదువుకున్న నోళ్లేనా ఇవి!" అని చీదరించుకుంటూనే గోకుతుంది.

గుండె గాడి తప్పి కొట్టుకుంటోందని నెల కిందట ఆమెకు అబ్లేషన్ చేశారు. తొడ దగ్గరి నరం గుండా సన్నని గొట్టం పంపి, తాళం తప్పించే చోటును లోపలే కాల్చారు. ఇక గుండె బుద్ధిగా ఉంటుందనుకుంది. పనిలోకి వచ్చిన మొదటిరోజే, నీళ్ల బకెట్టుతో మూడో అంతస్తు ఎక్కేసరికి ఆసుపత్రివాళ్లు ఇస్తే వేలికి పెట్టుకున్న నాడి మీటరు నూట ముప్పై చూపించింది. మెట్టు మీద కూలబడింది. ఇంత కాల్పించుకున్నా సిగ్గు రాని గుండె! ఛీ, దీన్ని మోసుకు తిరగడమే ఒక రోత అనిపించింది.

దడ వచ్చినప్పుడల్లా ఆ అంకె, అప్పుడు చేస్తున్న పని రాయమని డాక్టరమ్మ చిన్న పుస్తకం ఇచ్చింది. బకెట్టు సంగతి తెలిస్తే పని మానెయ్యమంటుందేమో! ఆ పనే పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే, పొద్దున దేవుడికి దణ్ణం పెట్టిన చేత్తోనే, ప్రతి అంకె పక్కనా "ఊరికే కూర్చున్నాను" అని రాసింది.

గేటు దగ్గరి వాచ్‌మన్ అది చూసి నవ్వాడు. "చెల్లెమ్మా, నువ్వు ఊరికే కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు."

"నీకు పుణ్యముంటుంది, నోరు మూసుకో అన్నా."

వారం తర్వాత ఆసుపత్రిలో పుస్తకం తిరగేసిన డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "కదలకుండా కూర్చున్నప్పుడే పద్నాలుగు సార్లా? అలా అయితే మళ్లీ కాల్చాల్సి రావచ్చమ్మా. ఇవాళే ఆసుపత్రిలో చేరండి."

ఫినాయిలక్క చప్పున పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "కూర్చోలేదమ్మా. బకెట్టు మోశాను. రాసిందంతా అబద్ధం." చెబుతుంటే తన నోరు తనకే అసహ్యమేసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఈసీజీ తీయించి చూసింది. "కూర్చుంటే దిగుతోందా?"

"అయిదు నిమిషాల్లో దిగుతుందమ్మా."

"అయితే భయం లేదు. లోపలి గాయం మానడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా అప్పుడప్పుడూ ఇలా ఎగురుతుంది. పని మానక్కర్లేదు, బరువు మాత్రం ఎత్తొద్దు. కూర్చున్నప్పుడు ఎగిరినా, కళ్లు తిరిగినా వెంటనే రండి. ఇకనైనా నిజం రాయండి తల్లీ."

మర్నాడు సంగతి విన్న వాచ్‌మన్ ఆమె బకెట్టును లిఫ్టులో పెట్టాడు. బకెట్లు పెట్టకూడదని రూలుంది. "తప్పుకోండి, పెద్దాఫీసరుగారు పైకెళ్తున్నారు!" అని అరిచాడు కూడా. అందులో ఉన్న అసలు ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఓ మూలకు నక్కాడు.

మెట్లెక్కి నాలుగో అంతస్తులో కూర్చున్నాక ఫినాయిలక్క పుస్తకం తెరిచింది.

"ఉత్త చేతులతో ఎక్కాను. లిఫ్టులో ఆయన ముక్కు మూసుకోవడం చూశాను. నూట పద్దెనిమిది. సగం మెట్లది, సగం ఆయనది."