నల్లా నీళ్ళు తగలని స్పాంజి

పక్కింటి చాచా పోయాడని పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున చాచీ గోడ మీదుగా చెప్పింది. ఆ గోడ మీదుగానే ఆయన ఇన్నేళ్ళూ నన్ను కసిరేవాడు. కసుర్లన్నీ ఒక్క విషయం మీదే, మా పెరట్లోని చేపల తొట్టి ఫిల్టరు.

అమీర్‌పేటలో పెరడు మిగలడమే గొప్ప. అందులో సిమెంటు తొట్టి కట్టించి, పంజాగుట్టలో ఒక షాపువాడి మాట నమ్మి ఖరీదైన ఫిల్టరు తెచ్చాను. పెట్టె మీద రంగుల బొమ్మలు, లోపల వేలెడంత స్పాంజి. నెల తిరక్కుండానే నీళ్ళు పచ్చబడ్డాయి. షాపు చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చింది. మేత ఎక్కువైందని ఒకరోజు, ఎండ ఎక్కువైందని ఇంకోరోజు చెప్పి పంపేవాడు.

చాచా స్కూటర్ మెకానిక్, వాళ్ళ పెరట్లోనూ చేపల తొట్టి ఉంది. ఏ మిషన్నైనా విప్పి చూడందే నమ్మడు. నా ఫిల్టరునూ విప్పి, ఇది గాజు తొట్టికి పనికొస్తుంది గానీ ఇన్ని నీళ్ళకు కాదని తేల్చేశాడు. మర్నాడు ఒక నీలం డ్రమ్ము తెచ్చి అడుగున కంకర పోశాడు. పైన ఉల్లిగడ్డల జాలీ సంచుల్లో స్పాంజి ముక్కలు కుక్కి, తొట్టి నీళ్ళు అందులోంచి తిరిగొచ్చేలా పైపు బిగించాడు. చూడ్డానికి దరిద్రంగా ఉండేది. నీళ్ళు మాత్రం తేటపడ్డాయి.

నాకేమో శుభ్రం పిచ్చి. స్పాంజి కాస్త నల్లబడితే చాలు, నల్లా కింద పెట్టి పిండెయ్యాలని చేతులు దురదపెట్టేవి. వెంటనే గోడ మీద ఆయన తల కనిపించేది.

"జర ఆగు బేటా. నల్లా నీళ్ళల్ల పురుగులను సంపే మందుంటది. గా మురికిల జాన్ ఉన్నది, కండ్లకు కానరాని పానం, అదే నీళ్ళను సాఫ్ చేస్తది. తొట్టి నీళ్ళే బకెట్ల తీస్కొని రెండుసార్లు ముంచి తియ్యి, బస్."

ఎన్నాళ్ళకోసారి అని అడిగితే చెప్పేవాడు కాదు. పైపు ధార సన్నబడితే నీకే తెలుస్తది అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఒక కాగితం మీద రాసిస్తే ఏం పోయింది? రాయకుండానే వెళ్ళిపోయాడు.

ఆయనకు మట్టి ఇచ్చిన మర్నాడు నాకేమీ తోచలేదు. ఆయన చేత్తో చేసిన డ్రమ్మును మెరిసేలా ఉంచాలనిపించింది. ఏడుస్తూనే స్పాంజిలన్నీ నల్లా కింద ఉతికాను, కంకర కూడా కడిగాను. మూడో రోజుకి నీళ్ళు పాలలా మారాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. తొమ్మిదింటిలో ఆరు చచ్చిపోయాయి. అన్నీ ఆయన తొట్టిలో పుట్టి, ఆయన చేత్తో ఇచ్చినవే. బతికున్నన్నాళ్ళూ వద్దన్న పనినే ఆయన కోసమని చేశాను. నా మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

చాచీకి మొహం చూపించలేకపోయాను. ఆవిడే గోడ మీదుగా చూసింది. వాళ్ళ తొట్టి డ్రమ్ములోంచి జిడ్డోడుతున్న స్పాంజి తీసి, నీళ్ళు కారుతుండగానే అందించింది.

"మీ చాచా కడిగిందే. దీనికి నల్లా తగల్లేదు. పిండకుండ పెట్టు బేటా."

మిగిలిన మూడు చేపలూ ఇప్పుడు మేతకు వస్తున్నాయి. నిన్న ధార సన్నబడింది. తొట్టి నీళ్ళు బకెట్లో పట్టి, స్పాంజిని రెండుసార్లు ముంచి తీశాను. ఇంకా నల్లగానే ఉంది. మూడోసారి ముంచబోతూ, అలవాటుగా గోడ వైపు చూశాను.