సరుగుడుతోపులో చిరుతపులి

నరేంద్రబాబుకున్న జబ్బు ఒక్కటే, చిరుతపులి. మైపాడు అవతల సముద్రపొడ్డున ఉన్న సరుగుడుతోపుకి ఆయన ఫారెస్టు గార్డు. ఆ తోపులో నక్క కనపడితేనే గొప్ప. ఈయనగారికి మాత్రం మూడేళ్లుగా చిరుతపులి కనపడుతోంది, అదీ వారానికి రెండుసార్లు. దాని తోక పొడుగు చెప్పాలంటే రెండు చేతులూ చాలక గోడదాకా నడిచి చూపిస్తాడు.

తోపు అంచున క్వార్టర్లో ఆయనతో కాపురం చేస్తున్న పుష్పకుమారికి ఆ పులి మాటెత్తితే ఒళ్లు మండుతుంది. గూడూరు నుంచి అక్కచెల్లెళ్లు ఫోను చేసి ముందు పులి క్షేమం అడుగుతారు, తర్వాతే ఆమె క్షేమం.

"నిన్న ఎంతుండాది నీ పులి?" అని మొగుణ్ణి దెప్పుతుంది.

"దూడంత."

"మొన్న మేకంత అన్నావే?"

"పెరగదా మరి?"

ఊరగాయకని తెప్పించిన నిమ్మకాయలు మాయమవుతుంటే ఒకరోజు ఆమె వెనకాలే వెళ్లి చూసింది. యాభై రెండేళ్ల గవర్నమెంటు ఉద్యోగి తడి ఇసుకలో మోకాళ్లమీద కూర్చుని, నాలుగు నిమ్మకాయలూ ఒక ఉర్లగడ్డా ఒత్తి పులి అడుగులు వేస్తున్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"బుద్ధుండాదా నీకు?"

"వెనకకాలు సరిగా పడలా. ఇంకో కాయుంటే ఇయ్యి."

ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాయడంతో విచారణకు రేంజరు బయల్దేరాడు. పులి అబద్ధమని తేలితే ఉద్యోగమూ, క్వార్టరూ రెండూ పోతాయి. పోతే పోనీ, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తానని పుష్పకుమారి చేపలు తెచ్చిన పిచ్చమ్మతో తెగేసి చెప్పింది. పిచ్చమ్మ గంప కింద పెట్టేసింది.

"అట్టా చెప్పబాకమ్మా. బడికి తోపులోంచే దోవ. తాగుబోతు నాయాళ్లు ఆడబిడ్డల్ని పోనిచ్చేవాళ్లు కాదు. మా రోజారమణిని ఏడోక్లాసులోనే మానిపిద్దామనుకున్నాం. సారు పులిని తెచ్చినంక ఒక్కడూ రాలా. ఇప్పుడది పదిలో ఉండాది."

"పిల్లలకి భయం లేదా?"

"పులి ఉత్తదేనని మా ఆడోళ్లందరికీ సారే చెప్పినాడు."

"ఈ సంగతి నాకెందుకు చెప్పలా?"

"నీకు అబద్ధం చాతకాదంట. మొకంలో తెలిసిపోద్దంట."

పుష్పకుమారికి మొగుడిమీద మొదట ముద్దొచ్చింది, వెంటనే రోషం వచ్చింది. చాతకాదా?

మధ్యాహ్నం రేంజరు వసారాలో కుర్చీ వేసుకుని అడిగాడు. "మీరెప్పుడైనా ఆ పులిని కళ్లారా చూశారామ్మా?"

పక్కనే నిలబడ్డ నరేంద్రబాబు తానే చెప్పబోయాడు, పుష్పకుమారి ముందే అందుకుంది.

"చూడకేం సార్. పొద్దున బట్టలారేస్తా ఉంటే దండెం కిందనే పండుకోనుండింది. పాపం, రెండు పిల్లల్ని పెట్టుండాది. పిల్లలతల్లి గదా, నేనే పక్కకు తప్పుకున్నా."

రేంజరు కాళ్లు పైకి లాక్కున్నాడు. నరేంద్రబాబు కూడా హడలిపోయి దండెం వైపు చూశాడు.