గోల తీసేస్తే పాట పోయింది

రెండు వారాల కిందట ఆదివారం, పొద్దున్న పదకొండు గంటలకి, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నా ఏడుపు వినని గడప ఒక్కటి లేదు. నమ్మకపోతే కూరల మార్కెట్లో ఎవర్నయినా అడగండి. వంకాయలు తూస్తున్నవాడు తక్కెడ గాల్లో వదిలేసి విన్నాడట. స్టేషన్లో ముప్ఫయ్యేళ్ళుగా మైకులు బాగుచేస్తున్న సన్యాసిరావుని నేను. అలాంటి నేను మైకులో ఏడ్చాను. అది కూడా పబ్లిగ్గా!

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. గొప్పలనుకోకండి. ప్లాట్‌ఫారం ఈ చివర నిలబడి చెవి అలా ఒక్కసారి తిప్పితే చాలు, ఆ చివర ఏ స్పీకర్లో ఏ తీగ వదులైందో చెప్పేస్తాను. ఒకసారి పెద్దాఫీసరు ప్రసంగం మధ్యలో మైకు కుయ్యోమని అరిచింది. నేను పరుగెత్తలేదు. మెల్లగా నడిచి వెళ్ళి, చిటికెనవేలితో ఒక్క తట్టు తట్టాను. నోరు మూసుకుంది. మైకూ మూసుకుంది, ఆఫీసరూ మూసుకున్నాడు.

ఈ కథకి మా ఆవిడ నరసమ్మ ఆవులిస్తుంది. మా అమ్మాయి రేవతి అలా కాదు. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. తెలుగు చదవమంటే తడబడుతుంది గానీ వినమంటే దానంత బాగా వినేవాళ్ళు లేరు. ఎన్నోసారి చెప్పినా, సరిగ్గా అనవలసిన చోట, "అచ్ఛా! అప్పుడేటైంది నాన్నా?" అంటుంది. కబుర్లు చెప్పి బతికేవాడికి అంతకంటే ఏం కావాలండీ?

ఆ రేవతికి ఒక కేసెట్ ఉండేది. మా క్వార్టర్ల లైన్లోనే ఉండే గార్డుగారి అమ్మాయి డోరతీ దీని క్లాస్‌మేట్. వాళ్ళ నాన్నకి ఖరగ్‌పూర్ ట్రాన్స్‌ఫరైతే, వెళ్తూ వెళ్తూ తన దగ్గరున్న ఒకే ఒక్క కాపీ దీని చేతిలో పెట్టి పోయింది. అందులో ఒకటే పాట. ఎప్పటిదో ఇంగ్లీషు ప్రేమపాటట. అసలుది జోలపాటలా నెమ్మదిగా ఉంటుందట. దాన్ని ఎవరో నలుగురు కుర్రాళ్ళు పట్టుకుని, గిటార్లు గరగరలాడించి, డ్రమ్ములు చితక్కొట్టి, గొంతులు చించుకుని మళ్ళీ పాడారు. దాన్ని పంక్ కవర్ అంటారని రేవతే చెప్పింది. పొద్దున్న లేస్తే అదే పాట. కాలేజీ నుంచి రాగానే అదే పాట.

"ఏటే అది, రోట్లో మేకులేసి రుబ్బుతున్నట్టు!" అనేది నరసమ్మ.

ఒకనాడు రేవతి నా దగ్గరకొచ్చి కూర్చుంది. "నాన్నా, ఇలాటి పాటలు ఇంకెక్కడైనా దొరుకుతాయేటో చూడవా? ఇలగే గోలగా, చిరిగిపోయినట్టుండాలి."

"ఒకటేటే, పది తెస్తాను! హౌరా నుంచి బొంబాయి దాకా ఈ లైన్లో నాకు తెలీని కేసెట్ల కొట్టువాడున్నాడా?"

నిజానికి నాకు తెలిసినవాడు బస్టాండు దగ్గర ఒక్కడే. అది వేరే సంగతి.

కొట్టులో వినిపించడానికి శాంపిల్ ఉండాలి కదా అని కేసెట్ తీసుకున్నాను. ముందు నేనొకసారి విందామని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అయిపోయింది! ఆ గరగర చెవిన పడగానే నా చేతులు నా మాట వినలేదు. చొక్కా గుండీ తప్పుగా పెట్టుకున్నవాడు ఎదురుగా నిలబడితే మీరు ఊరుకోగలరా? పాపం పిల్ల, రికార్డింగు పాడైన పాటని ఇష్టపడి వింటోంది, బాగుచేసి ఇస్తే ఎంత మురిసిపోతుందో అనుకున్నాను. రెండ్రోజులు సెలవు పెట్టాను. రెండు టేప్‌రికార్డర్ల మధ్య నేను స్వయంగా కట్టిన ఫిల్టర్ పెట్టాను. పైన కత్తిరించాను, కింద కత్తిరించాను, మధ్యలో చిదిమాను. గరగర ఎక్కడ దాక్కున్నా పీక పట్టుకుని బయటికి లాగాను. చివరికి గాజుగ్లాసులో నీళ్ళలా తయారైంది సౌండు.

బుద్ధున్నవాడైతే దాన్ని వేరే కేసెట్లో ఉంచి ఇచ్చేవాడు. నేను సర్‌ప్రైజ్ ఇద్దామని ఆ పాత కేసెట్లోనే, ఆ పాట మీదే ఎక్కించేశాను.

రేవతి బటన్ నొక్కింది. ఎవడో రజాయి నిండా కప్పుకుని పక్కింట్లో మూలుగుతున్నాడు. గిటార్లు లేవు. డ్రమ్ముల బదులు తలుపు మీద ఎవరో మొహమాటంగా తడుతున్నారు.

"నాన్నా, పాటేది?"

"ఇదేనే! గరగరంతా తీసేశాను. విను, ఎంత నీటుగా ఉందో!"

"గరగరే పాట, నాన్నా," అంది.

అరవలేదు. ఏడవలేదు. కేసెట్ వెనక్కి తిప్పి, మొదట్నుంచి చివరిదాకా మళ్ళీ వింది. ఎక్కడైనా కొంచెం మిగిలిందేమోనని. తర్వాత దాన్ని డబ్బీలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అంతే. ఆ క్షణం నుంచి నాతో మాటల్లేవు.

"అమ్మా, ఆయన్ని అన్నానికి రమ్మను." ఆయనట! మూడడుగుల దూరంలో కూర్చున్నానండీ!

మూడోనాడు భోజనాల దగ్గర ఉండబట్టలేక ఆఫీసరు కథ ఎత్తాను. మెల్లగా నడిచి వెళ్ళాను, చిటికెనవేలు చాచాను... అక్కడ ఆగాను. ఎప్పుడూ ఆగే చోటే. రేవతి మజ్జిగ కలుపుకుంటోంది. ఫ్యాను తిరుగుతోంది. నా వేలు అలా గాల్లోనే ఉంది.

"పప్పెయ్యనా?" అంది నరసమ్మ.

ఆ వేలు ఎలా దించానో నాకే తెలీదు.

పాట తేవాలి. అలాంటి గోల ఇంకొకటి ఎక్కడున్నా పట్టుకొచ్చి దాని ముందు పెట్టాలి. లేకపోతే నా ఇంట్లో నేను మూగవాణ్ణయి చచ్చిపోతాను. బస్టాండు దగ్గర సేఠ్ కొట్టుకి పోయాను.

"కైసా గానా చాహియే, బాబూజీ?"

ఎలాంటి పాట కావాలో ఎలా చెప్పను? పొట్ట మీద గిటారు వాయిస్తూ నోటితోనే మొదలెట్టాను. "ఝ్రాంయ్ ఝ్రాంయ్ ధబధబధబ!" పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. సేఠ్ ఒక ఇంగ్లీషు కేసెట్ పెట్టాడు. తేనెలా ఉంది. ఇంకోటి పెట్టాడు. పాలమీగడ.

"శుభ్రమైనవి వద్దు సేఠ్! స్పీకర్ చిరిగినట్టుండాలి!"

సేఠ్ నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. సౌండు బాగాలేదని కొట్లాటకొచ్చేవాళ్ళనే చూశాను గానీ, బాగుందని వద్దనేవాణ్ణి పుట్టి బుద్ధెరిగాక మిమ్మల్నే చూస్తున్నానన్నాడు. బల్ల కిందనుంచి ఒక అట్టపెట్టె లాగాడు. జనం తిట్టి తిరిగిచ్చేసిన కేసెట్లన్నీ అందులో ఉన్నాయి. "అన్నీ ఖరాబే. పట్టుకుపోండి. ఫ్రీ."

సైకిలు వెనక కట్టుకుని తెచ్చాను. రెండ్రోజులు ఒక్కటీ వదలకుండా విన్నాను. ఒకదాంట్లో భజన నడుస్తూ నడుస్తూ నీరసపడి పోయింది. ఇంకోదాంట్లో హీరో హీరోయిన్ గొంతుతో పాడుతున్నాడు. ఒక ప్రవచనకారుడైతే ఎలకలా కీచుమంటూ మోక్షం గురించి చెప్పాడు. అప్పుడు తెలిసింది నాకు, ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో తెలియనిది. గోల వేరు, జబ్బు వేరు. ఆ కుర్రాళ్ళది గోల. కావాలని, బలంగా, ప్రాణం పెట్టి చేసిన గోల. ఈ పెట్టెలో ఉన్నవన్నీ రోగులు.

తర్వాత ఊరి చివర కార్ఖానాలుండే సిర్గిట్టి వెళ్ళాను. అక్కడ ఒక వర్క్‌షాపులో ఇనపరేకులు గ్రైండింగు చేస్తుంటే రోడ్డు మీదకి వినిపించింది. గర్ర్ర్ర్‌మని! అదే శ్రుతి! నా కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. దీన్ని రికార్డు చేసుకుంటే, దాని మీద ఏదో ఒక పాట పాడి పడేయొచ్చు. భుజాన టేప్‌రికార్డరు, చేతిలో మైకు, నుదుట సర్కారీ గాంభీర్యంతో గేటు దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ నన్ను చూసి లోపలికి పరుగెత్తాడు. టకటకా మిషన్లన్నీ ఆగిపోయాయి! ఓనరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "రండి ఇన్‌స్పెక్టర్ సాబ్, మా దగ్గర అంతా రూలు ప్రకారమే. చూడండి, చప్పుడుందా?"

"చెయ్యండి బాబూ, చప్పుడు చెయ్యండి!" అని బతిమాలాను. అది కూడా పరీక్షే అనుకుని ఒక్కడూ మిషను ముట్టుకోలేదు. జీవితంలో మొదటిసారి గోల కోసం వెళ్తే, రెండు సమోసాలు, అరగంట నిశ్శబ్దం దొరికాయి.

ఇక నేనే వాయించాలి. వేరే దారి లేదు. ఇంట్లో పాత బుల్‌బుల్ ఉంది, టైపుమిషన్‌లా మీటలు నొక్కితే తీగలు మోగేది. దానికి పాడైన టెలిఫోను మైకు రబ్బరుబ్యాండుతో కట్టాను. దాన్నీ, నోటి ముందు పెట్టుకున్న మైకునీ నేను కట్టిన ఆంప్లిఫయర్‌కి కలిపాను. గోధుమల డబ్బా ఖాళీ చేసి కాలి కింద పెట్టుకున్నాను, డ్రమ్ముకి. టేప్‌రికార్డర్ ఆన్. హెడ్‌ఫోన్ చెవులకి. ఆదివారం పదకొండు గంటలు. నరసమ్మ మార్కెట్లో, రేవతి రెండు లైన్ల అవతల స్నేహితురాలింట్లో. వాల్యూము చివరికంటా తిప్పి ఒక్క మీట నొక్కాను.

అబ్బ! చెవుల్లో అగ్గి పుట్టింది! అదే గరగర!

పాత పాటని చితక్కొట్టడమే కదా పద్ధతి. మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాట అందుకున్నాను. నాలుగింతల స్పీడు. డబ్బా తంతున్నాను, తీగలు గీకుతున్నాను, గొంతు చించుకుంటున్నాను. రెండో చరణానికి మాటలు మరిచిపోయాను. కానీ చెయ్యి ఆగలేదు, కాలు ఆగలేదు. మాటల బదులు కడుపులో ఉన్నదంతా వచ్చేసింది.

"ఒలే రేవతీ! ఒక్క మాటాడవే! తిట్టయినా తిట్టవే! నీ పాట నేనే చంపేసానే! ముప్ఫయ్యేళ్ళు సౌండు సౌండని కొట్టుకున్నానే, నాకు సౌండంటే ఏటో తెలీదే! ఆ ఆఫీసరు కథ అబద్ధమే! మైకుని నేను తట్టలేదే! కరెంటు పోయిందే!"

ఇక్కడ మీకొక సాంకేతిక విషయం చెప్పాలి. వినాయక చవితికి మా డాబా మీద పెద్ద హారన్ స్పీకరు బిగించాను. నిమజ్జనమై నాలుగు రోజులైనా దింపలేదు. దాని వైరు ఈ ఆంప్లిఫయర్‌కే ఉంది. నా సర్వీసులో వైరు మరిచిపోవడం అదే మొదటిసారి. సరే, మూడోసారి. చెవులకి హెడ్‌ఫోన్ ఉంది కాబట్టి, కాలనీలో ఆ హారన్ గోల విననివాణ్ణి నేనొక్కణ్ణే.

నరసమ్మ కూరలసంచీతో పరుగెత్తుకొచ్చేసరికి గుమ్మంలో పదిమంది ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారట. "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది ఎదురింటి పార్వతమ్మ.

"ఇంకెవరు, మా పరువు," అందిట మా ఆవిడ.

నేను ఇంకా డబ్బా తంతూనే ఉన్నాను. ఎవరో నా హెడ్‌ఫోను లాగేశారు. రేవతి! రొప్పుతోంది. మొహం ఎర్రగా ఉంది. రెండో చేత్తో ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకేసింది.

"ఏటి నాన్నా ఇది! కాలనీ అంతా వింటోంది! నీకేటైనా బుద్ధుందా?"

"ఏటన్నావు?"

"బుద్ధుందా అన్నాను!"

"అది కాదమ్మా. దానికి ముందు."

చేతిలో ప్లగ్గు కింద పెట్టింది. "నాన్నా అన్నాను," అంది మెల్లగా.

మళ్ళీ ఏడ్చాను. ఈసారి మైకు లేకుండా.

టేప్‌రికార్డరు ప్లగ్గు వేరు కాబట్టి అది తిరుగుతూనే ఉంది. రేవతి దాన్ని ఆపి, వెనక్కి తిప్పి వింది. కరెంటు పోయిందే అన్న చోట పెదవులు బిగబట్టింది. రెండోసారి విన్నప్పుడు నేల మీద కూలబడి నవ్వింది. మూడోసారి నవ్వలేదు, తల ఊపుతూ వింది. మర్నాడు కాలేజీకి పట్టుకుపోయింది. తెలుగు ముక్క రాని పిల్లలు కూడా ఒకటికి నాలుగుసార్లు పెట్టించుకున్నారట. ఏ గ్రూపని అడిగితే లోకల్ అని చెప్పిందట.

ఇప్పుడు వాళ్ళకి ఇంకో పాట కావాలిట. అదెంత పని అన్నాను. మొన్న ఆదివారం హారన్ వైరు పీకేసి, అన్నీ సర్దుకుని కూర్చున్నాను. మీట నొక్కాను, డబ్బా తన్నాను, నోరు తెరిచాను. పెళ్ళి మంగళహారతిలా వచ్చింది గొంతు! ఎంత గింజుకున్నా అంతే. కూతురు చక్కగా మాట్లాడుతుంటే ఏడుపు ఎక్కణ్ణుంచొస్తుంది?

"రావడం లేదే," అన్నాను.

రేవతి ఆలోచించింది. "దానికేటి నాన్నా, మళ్ళీ మాటాడ్డం మానేస్తాను. ఎన్ని రోజులు కావాలి నీకు?"

నాలుగు రోజులకి ఒప్పుకున్నాను. ఇవాళ మూడోది. ఇంట్లో వినే దిక్కు లేకే ఇదంతా మీ నెత్తిన రుద్దుతున్నాను.