దారం కడితేనే మూడో రూపం

ఇంగ్లీషు క్రియల మూడు రూపాలు నేను బీడీలు చుడుతూ నేర్చుకున్నాను. ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు మీద, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని. ఆకులో తంబాకు పోస్తే గో, చుడితే వెంట్, దారం కడితే గాన్. డిగ్రీ దాకా ఇదే చదువు. దారం కట్టందే మూడో రూపం నా నోట్లోకి రాదని అప్పట్లో నాకు తెలియదు.

కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడికి డెమో క్లాసు చెప్పడానికి పిలిచారు. టీచరు ఉద్యోగం దొరికితే చాట దించుతాను. లేకపోతే జన్మంతా అరుగే. అందుకే మా అవ్వ, అంటే మా అమ్మ, నిమ్మచెక్క పట్టుకుని నా వేళ్లు తోలు లేచేలా తోమింది. "బీడీల ముచ్చట తియ్యకు బిడ్డా. తంబాకు వాసనొస్తే రానియ్యరు" అంది. బస్సు తాడ్వాయి దాటినా వేళ్లు వాసన చూసుకుంటూనే ఉన్నాను.

ఆరో తరగతి. వెనక బెంచీలో ప్రిన్సిపల్ మేడం. బోర్డు మీద బ్రేక్ రాశాను, బ్రోక్ రాశాను. అంతే, చెయ్యి ఆగిపోయింది. పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. నిద్రలో లేపి అడిగినా చెప్పే మాట, సమయానికి ముఖం చాటేసింది! నా మీద నాకే ఒళ్లు మండింది. ఏమైతే అదైందని సుద్ద ముక్క పక్కన పెట్టి, లేని ఆకును గాలిలో చుట్టి, లేని దారం కట్టాను.

బ్రోకెన్.

మేడం లేచి నా దగ్గరికి వచ్చింది. నా వేళ్లకేసి చూసింది.

"బీడీలు చుడ్తవా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ చూశాక ఏం దాచను?

"చుడ్త, మేడం."

"గంట కొట్టేదాక చెప్పు" అని వెళ్లి కూర్చుంది. ముందు బెంచీల్లో నాలుగైదు జతల చేతులు అప్పటికే గాలిలో చుడుతున్నాయి. నేను నేర్పలేదు, వాళ్ల ఇళ్లలో చూసిందే. గంట కొట్టాక మేడం సోమవారం నుంచి రమ్మంది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

సంగతి విని అవ్వ నా చాట లాగేసుకుంది. "ఇగ సాలు. ఉత్త చేతులతోని సదువు" అంది.

చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. టేక్. టుక్. మూడోది నోట్లోకి రాలేదు.

అవ్వ నా చేతులకేసి చూసి, చాట మళ్లీ నా ఒళ్లో పెట్టింది.

"సోమారం దాక చుట్టు, బిడ్డా."