కోసే వెంపలి, పీకే వెంపలి

చిల్లకూరు అవతల సముద్రం వారనున్న ఆ ఊళ్లో చెంచులక్ష్మితో వాదం పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. పంచాయతీ మొక్కల జాబితా రాయడానికొచ్చిన కాలేజీ మాస్టారు సుశీల్ కుమార్‌కి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు, పాపం.

ఆయన ఇసుక దిబ్బ మీది వెంపలి కొమ్మా, పొలం గట్టు మీది వెంపలి కొమ్మా పక్కపక్కన పెట్టి, "ఆకు, పువ్వు, కాయ అన్నీ ఒకటే. ఒకే జాతి," అని తేల్చేశాడు. దిబ్బ మీద ఉన్నది మామూలు మొక్కేనని రాస్తే ఇసుక తవ్వకానికి అడ్డు తొలగినట్టే. దిబ్బ పోతే వెనకున్న చెంచులక్ష్మి ఎకరం మడిని సముద్రపు గాలికి కొట్టుకొచ్చే ఇసుక మింగేస్తుంది. పంచాయతీ వేసిన మొక్కల కమిటీలో సభ్యురాలిగా ఆ జాబితాలో సంతకం పెట్టాల్సిందీ ఆమే.

"ఒకటెట్టవుద్ది సార్? గట్టుది పీకే వెంపలి, దిబ్బది కోసే వెంపలి. మడికి పచ్చిరొట్ట ఎరువేసేటప్పుడు దాన్ని వేళ్లతో సహా పీకుతాం, దీన్ని కొడవలితో కోస్తాం. తెలీక దీన్ని పీకినందుకు మా అత్త తిట్టిన తిట్లు ఇంకా నా చెవుల్లోనే ఉండాయి."

"పనిని బట్టి జాతులు విడదీయరమ్మా."

"కొమ్మను బట్టి విడదీస్తారా? వేరు చూసినారా మీరు?"

చూడలేదు. ఆయన కాగితాల మధ్య అదిమి పెట్టుకున్నవన్నీ కొమ్మలే. చెంచులక్ష్మికి ఒళ్లు మండింది. ఆయన ఎదుటే రెండు మొక్కల్నీ నేలమట్టానికి కోసేసింది.

"వానలు పడినాక రాండి. అందాకా సంతకం పెట్టను. ప్రెసిడెంటు అడిగినా ఇదే మాట."

ప్రెసిడెంటు అడిగాడు. ఇసుక లారీల వాళ్లూ ఇంటికొచ్చి అడిగారు. అందరికీ అదే మాట చెప్పింది.

రెండు నెలలకు మాస్టారు వచ్చాడు. గట్టు మీది మోడు ఎండిపోయి, ముట్టుకుంటే ఊడొచ్చింది. దిబ్బ మీది మోడు చుట్టూ గుప్పెడు చిగుళ్లు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడాడు. చెయ్యి మొత్తం దిగినా వేరు కొస అందలేదు, ఇంకా లావుగా కిందికి పోతూనే ఉంది.

"ఏళ్ల తరబడి బతికే మొక్క ఇది," అని గొణిగి, జాబితాలో దానికి విడిగా రెండో వరస రాశాడు: 'వేరే రకం. పరీక్షించాలి. దిబ్బ తవ్వరాదు.' అది రెండుసార్లు చదువుకుని మరీ చెంచులక్ష్మి సంతకం పెట్టింది.

మాస్టారు హుషారుగా పలుగు అందుకున్నాడు. "వేరుతో సహా కాలేజీకి పట్టుకుపోతానమ్మా!"

చెంచులక్ష్మి పలుగు మీద కాలేసి తొక్కింది.

"ఇన్నాళ్లూ ఏం చెప్పినాను సార్? ఇది కోసేది," అని కొడవలి ఆయన చేతిలో పెట్టింది.